కంప్యూటరు ఇంటి పెత్తనం

(మా కేంద్రం నుంచి ప్రసారమైన ప్రసంగ పాఠం)

ఇంటి పెత్తనం వహించిన మనిషి తెల్లవారగానే చేసే మొదటి పని ఆజ్ఞాపించటం కాదు; ఇల్లంతా ఒకసారి కలయజూడటం. ఎవరు లేచారు, ఎవరు ఏ పనిమీద ఉన్నారు, గాదెలో ధాన్యం ఎంత మిగిలింది, వంటచెరకు ఎన్నాళ్లకు వస్తుంది అనేవి కంటితో చూచుకున్న తరువాతనే నోరు విప్పుతాడు. చూడకుండా కేకలు వేసే పెద్ద ఉన్న ఇంట పనివాళ్లు బెదురుతారే తప్ప పనులు జరగవు. ఈ పూట నేను మనవి చేయబోయేది కంప్యూటరును గురించి. అయినా చెప్పదలచిన సారమంతా ఈ లోకానుభవంలోనే ఉన్నది.

అనేక గృహాలలో రేడియో ప్రక్కనే ఇప్పుడు కంప్యూటరు కూడా చేరింది. పిల్లల చదువు, ఇంటి లెక్కలు, దూరదేశాలలో ఉన్న బంధువులతో మాటామంతీ దానిమీదనే సాగుతున్నవి. ఒక్కొక్కప్పుడు అది ఉన్నట్లుండి మందగిస్తుంది. పిలిస్తే పలకదు, నొక్కితే కదలదు. అప్పుడు సాధారణంగా మనం చేసేదేమిటి? విసిగి, విద్యుత్తు ఆర్పివేసి, మళ్లీ వేయటం. దానితో తాత్కాలికంగా నెమ్మదించవచ్చు. కాని ఏ కారణంవల్ల మందగించిందో తెలియకుండానే పోయింది. సగంలో ఉన్న ఉత్తరం ఒకటి దానితోపాటు పోయింది. నిదానం తెలియకుండా మందు వేసినట్లే గదా ఇది!

యంత్రం లోపలికి తొంగిచూచే కిటికీలను యజమానికి విరివిగా ఇచ్చిన వ్యవస్థలలో లైనక్స్ ముఖ్యమైనది. కంప్యూటరులోని పరికరాలకూ మనం వాడుకునే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి, ఎవరికి ఏది ఎంత పంచాలో నిర్ణయించే మూలవ్యవస్థ అది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. ఆ సంప్రదాయాన్ని అనుసరించి, ఫిన్లండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, 21 ఏండ్ల వయస్సులో, తాను ఒక చిన్న వ్యవస్థను నిర్మిస్తున్నానని 1991 ఆగస్టు 25న తోటివారికి తెలియజేశాడు. వినోదం కోసం మొదలుపెట్టిన ఆ పని ఎంత పెరిగిందంటే, ప్రపంచంలో మహావేగం కలిగిన 500 కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ 2017 నవంబరు నుంచి లైనక్స్ మీదనే నడుస్తున్నవి. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు కూడా గర్భంలో ఉన్నది లైనక్సే. విండోస్ 10 అనే వ్యవస్థకు ఉచితంగా జరిగే సాధారణ మరమ్మతు 2025 అక్టోబరు 14తో ముగిసిన తరువాత, చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలను పారవేయటానికి మనసొప్పనివారికి లైనక్స్ ఒక మార్గం అయింది. అందువల్ల ఇది పండితులకు మాత్రమే సంబంధించిన ప్రసంగం కాదు.

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. ప్రోగ్రాము వేరు, ప్రాసెస్ వేరు. పెండ్లివారి వంటశాలను ఊహించుకోండి. పులిహోర చేసే విధానం కాగితంమీద వ్రాసి ఉన్నది. అది ఎన్నాళ్లున్నా దానివల్ల పొయ్యి వెలగదు, ఆకలి తీరదు. వంటవాడు ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని, పొయ్యి వెలిగించి, గరిటె చేతబట్టినప్పుడే అది పని అవుతుంది. కాగితం ప్రోగ్రాము, సాగుతున్న వంట ప్రాసెస్. ఒకే కాగితాన్ని చూచి నలుగురు వంటవాళ్లు నాలుగు పొయ్యిలమీద వండవచ్చు గదా; అలాగే ఒకే ప్రోగ్రాము నుంచి అనేక ప్రాసెస్‌లు పుట్టవచ్చు. ఈ వంటశాలలో పొయ్యిలు కంప్యూటరుకు ఉన్న గణనశక్తి. ఎదుట వస్తువులు పరచుకునే అరుగు దాని తాత్కాలిక జ్ఞాపకశక్తి. సరుకులు నిలవచేసే ఉగ్రాణపు గది దాని డిస్కు. వంటశాల ఏ సమయంలో చిక్కుపడినా, చిక్కు ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది: పొయ్యి ఖాళీ లేదు, అరుగుమీద చోటు లేదు, లేక ఉగ్రాణం నిండిపోయింది. ఈ మూడింటినీ వేరువేరుగా చూడగలిగితే సగం వైద్యం జరిగినట్లే.

లైనక్స్‌లో పుట్టిన ప్రతి ప్రాసెస్‌కు ఒక సంఖ్య ఉంటుంది. దానిని పుట్టించిన తల్లి ఎవరో కూడా నమోదై ఉంటుంది. కంప్యూటరు మేలుకొనగానే వ్యవస్థ మొట్టమొదట పుట్టించే ప్రాసెస్‌కు 1 అనే సంఖ్య లభిస్తుంది. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఈ విధంగా మన పనులన్నీ ఒక వంశవృక్షంలో అమరి ఉంటవి. తల్లి ముందుగా గతించి బిడ్డ మిగిలితే ఆ అనాథను సాధారణంగా 1వ సంఖ్య గల ఆ పెద్దయే దత్తు తీసుకుంటుంది. ఏర్పాటు ఎంత కుటుంబధర్మంగా ఉన్నదో చూడండి.

ఈ వంశవృక్షాన్ని చూపే పరికరానికి ఇంగ్లీషులో పి, ఎస్ అనే రెండక్షరాలే పేరు. ఆ రెండక్షరాలు వ్రాసి, ప్రక్కన మరికొన్ని గుర్తులు చేరిస్తే, ఆ క్షణంలో ఉన్న ప్రాసెస్‌లన్నింటి పట్టిక తెరమీద పరచుకుంటుంది. ఇది ఛాయాచిత్రం వంటిది. తీసిన క్షణాన్ని మాత్రమే చూపుతుంది. కదలికను చూడదలచినవారికి టాప్ అనే మరొక పరికరం ఉన్నది. అది సాధారణంగా మూడు సెకండ్లకు ఒకసారి లెక్కను తిరగవ్రాస్తూ, పొయ్యిలను ఎక్కువగా ఆక్రమించినవారిని పైవరుసలో నిలబెడుతుంది. యంత్రం మందగించినప్పుడు మొదట తెరవవలసిన కిటికీ ఇదే. ఏ పేరు పైన నిలిచి ఉన్నదో ఒక నిమిషంపాటు ఓర్పుతో గమనించండి. ఒక్క క్షణం పైకెగసి వెంటనే దిగిపోయినవాడిని అనుమానించనక్కరలేదు. పోపు పెట్టేటప్పుడు మంట హెచ్చటం సహజమే. ఎంతసేపటికీ దిగనివాడే విచారించదగినవాడు.

టాప్ చూపే పట్టిక శిరస్సున మూడు సంఖ్యలు కనబడుతవి. గడచిన 1 నిమిషం, 5 నిమిషాలు, 15 నిమిషాల కాలంలో యంత్రంమీద పడిన భారపు సగటులవి. ఆ భారంలో పొయ్యిమీద ఉన్న వంటలు, పొయ్యి కోసం వరుసలో నిలిచిన వంటలు, వాటితోపాటు ఉగ్రాణం నుంచి సరుకు వచ్చేవరకు కదలలేక నిలిచిన వంటలు కూడా చేరుతవి. నాలుగు పొయ్యిలున్న వంటశాలలో భారం 4 అయితే నిండుగా పని నడుస్తున్నదని స్థూలంగా భావించవచ్చు. అదే 12 అయితే, నలుగురు వండుతూ ఉంటే ఎనిమిదిమంది ఎదురుచూస్తున్నారన్నమాట. మూడు సంఖ్యలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే మరొక విశేషం తెలుస్తుంది. మొదటిది హెచ్చుగా, మూడవది తక్కువగా ఉంటే గాలివాన ఇప్పుడే మొదలైంది. మొదటిది తగ్గి, మూడవది హెచ్చుగా ఉంటే వాన వెలిసిపోతున్నది. సంఖ్యను చూచి బెదరటం వేరు, సంఖ్య నడకను చూచి గ్రహించటం వేరు.

ఇక అరుగు సంగతి. జ్ఞాపకశక్తి లెక్క చెప్పే పరికరం పేరు ఫ్రీ. దీనిని మొదటిసారి చూచినవారిలో చాలామంది కంగారుపడతారు. ఖాళీ అనే వరుసలో అతి చిన్న సంఖ్య కనబడటమే ఆ కంగారుకు కారణం. కాని లైనక్స్ స్వభావం వేరు. అరుగుమీద చోటు ఊరికే పడి ఉండటం వృథా అని దాని సిద్ధాంతం. ఒకసారి ఉగ్రాణం నుంచి తెచ్చిన సరుకు మళ్లీ కావలసి వస్తుందేమోనని ఖాళీ జాగాలో పేర్చి ఉంచుతుంది. ఎవరికైనా చోటు అవసరమైతే ఆ సరుకును వెంటనే తొలగించి ఇస్తుంది. అందువల్ల చూడవలసింది ఖాళీ అనే వరుస కాదు. వాడుకకు లభ్యం అనే అర్థం కలిగిన మరొక వరుస. అది సమృద్ధిగా ఉన్నంతకాలం భయపడనక్కరలేదు.

లభ్యమైన చోటు నిజంగానే తరిగిపోతే ఏమవుతుంది? వ్యవస్థ మొదట అరుగుమీది వస్తువులను కొన్నింటిని డిస్కులో ప్రత్యేకించిన జాగాకు తరలిస్తుంది. డిస్కు ఎంత వేగమైనదైనా జ్ఞాపకశక్తితో సమానం కాదు గనుక, ఈ రాకపోకలు హెచ్చినకొద్దీ యంత్రం కుంటుతుంది. అదీ చాలకపోతే చివరకు వ్యవస్థయే కత్తి ఝళిపిస్తుంది. ముఖ్యంగా ఎవరు ఎంత జ్ఞాపకశక్తిని ఆక్రమించారో లెక్కగట్టి, ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని, హెచ్చరిక లేకుండా అంతం చేస్తుంది. అది మీరు రెండు గంటలుగా వ్రాస్తున్న వ్యాసం కావచ్చు. యజమాని చూడవలసిన సమయంలో చూడకపోతే, నిర్ణయం యజమాని చేతిలో నుంచి జారిపోతుందనటానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

ఉగ్రాణం లెక్కకు రెండు పరికరాలున్నవి. డి, ఎఫ్ అనే అక్షరాలు వ్రాస్తే డిస్కులోని ఒక్కొక్క విభాగంలో ఎంత నిండింది, ఎంత మిగిలింది అనేది తెలుస్తుంది. డి, యు అనే అక్షరాలు వ్రాస్తే ఏ అరలో ఎంత బరువున్నదో తెలుస్తుంది. మొదటిది గది నిండిందని చెపుతుంది. రెండవది ఏ బస్తాలవల్ల నిండిందో చెపుతుంది. ఒక్కొక్కప్పుడు ఈ రెండు లెక్కలూ పొసగవు. పెద్ద దస్త్రం ఒకదానిని చెరిపివేస్తారు. అరలలో అది కనబడదు. అయినా గదిలో జాగా మాత్రం తిరిగి రాదు. ఇదేమి మాయ? ఆ దస్త్రాన్ని ఏదో ఒక ప్రాసెస్ ఇంకా చేత పట్టుకుని ఉన్నదన్నమాట. పట్టికలో నుంచి పేరు కొట్టివేసినా, పట్టుకున్న చెయ్యి విడిచేదాకా చోటు ఖాళీ కాదు. ఆ ప్రాసెస్‌ను గుర్తించి, దానిని సక్రమంగా ముగించి మళ్లీ మొదలుపెడితే పోయిన జాగా తిరిగివస్తుంది. డిస్కును నింపుతున్నవాడు ప్రాసెస్‌ల పట్టికలో దొరికాడు చూడండి. మూడు లెక్కలూ ఒకే ఇంటివి.

ఇంతవరకు చెప్పినది చూడటం. ఇక అడగటం. లైనక్స్‌లో నైస్ అనే పరికరం ఒకటి ఉన్నది. ఇంగ్లీషులో ఆ మాటకు మంచివాడు, మర్యాదస్థుడు అని అర్థం. ప్రతి ప్రాసెస్‌కు మర్యాద పాలు ఒకటి నిర్ణయమై ఉంటుంది. ఆ కొలబద్ద మైనస్ 20 నుంచి 19 వరకు నడుస్తుంది. సంఖ్య పెరిగినకొద్దీ ఆ ప్రాసెస్ మర్యాద పెరిగి, పొయ్యి దగ్గర ఇతరులకు దారి ఇస్తుంది. సాధారణంగా అందరూ 0 దగ్గర మొదలుపెడతారు. వేలకొద్దీ ఫొటోలను సర్దే పని ఒకటి రాత్రంతా సాగవలసి ఉన్నదనుకోండి. దానికి హెచ్చు మర్యాద నేర్పి వదిలితే, మీరు ఉత్తరం వ్రాసుకుంటున్నంతసేపు అది ప్రక్కకు తప్పుకుని, పొయ్యి ఖాళీగా ఉన్నప్పుడు తన పని తాను చేసుకుంటుంది. ఇక్కడ ఒక నీతి కూడా ఇమిడి ఉన్నది. సామాన్యుడు తన పనుల మర్యాదను పెంచుకోవచ్చునే కాని, ఇతరులను త్రోసుకుని ముందుకు పోయే సంఖ్యను కోరరాదు. ఆ అధికారం వ్యవస్థకు సర్వాధికారి అయిన రూట్‌కు దఖలుపరచి ఉన్నది.

మర్యాదకు కూడా లొంగని ప్రాసెస్‌లుంటవి. వాటికోసం కిల్ అనే పరికరం ఉన్నది. కిల్ అంటే చంపు అని అర్థం గనుక పేరు వినగానే గుండె జల్లుమంటుంది. కాని అది స్వభావతః హంతకి కాదు, వార్తాహరి. ఒక ప్రాసెస్‌కు ఒక సంకేతాన్ని అందజేయటమే దాని పని. సంకేతం ఏదని మనం చెప్పకపోతే అది అందించేది 15వ సంఖ్య గల సంకేతం. అయ్యా, ఇక పని ముగించండి అని దాని తాత్పర్యం. ఆ కబురు అందిన ప్రాసెస్ చేతిలో ఉన్న కాగితాలను దాచి, తెరచిన దస్త్రాలను మూసి, గరిటెలు కడిగి, బయటకు పోయే అవకాశం ఉంటుంది. 9వ సంఖ్య గల సంకేతం అటువంటిది కాదు. అది ప్రాసెస్ చెవికి చేరనే చేరదు. వ్యవస్థయే దానిని ఆ క్షణంలో నిర్మూలిస్తుంది. సగం వ్రాసిన దస్త్రం సగంగానే మిగిలిపోతుంది. తొందరపడి మొదటనే 9 ప్రయోగించటం అనేకులకు అలవాటు. 15 పంపి కొన్ని సెకండ్లు వేచి ఉండటం, అప్పటికీ వినకపోతేనే 9 పంపటం సరియైన పద్ధతి. ఆపి ఉంచటానికీ, ఆపిన చోటనే తిరిగి సాగించటానికీ కూడా వేరువేరు సంకేతాలున్నవి. ప్రతి చిక్కుకు మరణదండనే పరిష్కారం కాదు గదా.

బలప్రయోగానికి కూడా హద్దులున్నవని ఇక్కడ మనవి చేయాలి. డిస్కు నుంచి జవాబు కోసం కదలకుండా ఎదురుచూస్తున్న కొన్ని ప్రాసెస్‌లు, ఆ ఎదురుచూపు తీరేవరకు 9వ సంకేతానికి కూడా లొంగవు. అక్కడ తప్పు ప్రాసెస్‌ది కాదు, డిస్కుది కావచ్చు. మరికొన్నింటిని జాంబీలు అంటారు. అవి అప్పటికే ప్రాణం విడిచినవి. కాని తల్లి ప్రాసెస్ వచ్చి, బిడ్డ ఎట్లా ముగిసిందనే చివరి సమాచారాన్ని స్వీకరించనందువల్ల పట్టికలో పేరు మాత్రం మిగిలి ఉంటుంది. చచ్చినదానిని మళ్లీ చంపటం ఎవరి తరం? చేయవలసిన క్రియ తల్లి చేతిలో ఉన్నది. ఆ తల్లిని సరిదిద్దాలి, లేదా ముగించాలి. అప్పుడు దత్తు తీసుకున్న పెద్ద ఆ చివరి కర్తవ్యాన్ని తాను నెరవేరుస్తుంది. కనుక ఎవరిని దండించాలో తెలియటానికి ముందు ఎవరు ఎవరి బిడ్డో తెలియాలి. మళ్లీ చూడటం దగ్గరకే వచ్చాము.

ఇప్పుడు వంటశాలకు సరుకులు వచ్చే దారిని గురించి. లైనక్స్ వాడేవారు ప్రోగ్రాములను ఎక్కడపడితే అక్కడ తెచ్చుకోనక్కరలేదు. లైనక్స్‌ను ప్రోగ్రాములతో కూర్చి అందజేసే సంస్థలు తమతమ భాండాగారాలను నిర్వహిస్తున్నవి. అటువంటివాటిలో డెబియన్ సుప్రసిద్ధమైనది. ఇయన్ మర్డాక్ దానిని 1993 ఆగస్టులో ప్రారంభించాడు. భాండాగారం నుంచి సరుకు తెచ్చి అమర్చే ఆప్ట్ అనే పరికరం 1999లో వెలువడిన డెబియన్ 2.1తో వాడుకలోకి వచ్చింది. ఉబుంటు వాడేవారికి కూడా ఇదే పరికరం. ఫెడోరా వాడేవారికి డి, ఎన్, ఎఫ్ అనే అక్షరాల పేరుగల మరొకటి.

ఆప్ట్‌తో రెండు మాటలు నేర్చుకోవాలి. అవి అప్‌డేట్, అపగ్రేడ్. పేర్లు దగ్గరగా ఉన్నా పనులు వేరు. అప్‌డేట్ అంటే భాండాగారం నుంచి కొత్త ధరల పట్టిక తెప్పించుకోవటం వంటిది. దానివల్ల ఇంటిలోని సరుకు ఒక్కటి కూడా మారదు. అపగ్రేడ్ అంటే ఆ పట్టిక ప్రకారం పాత సరుకు తీసి కొత్త సరుకు నింపటం. మొదటిది చేయకుండా రెండవది చేస్తే నిరుటి పట్టికతో ఈనాటి బజారుకు వెళ్లినట్లవుతుంది. ఒక ప్రోగ్రాము పనిచేయటానికి మరికొన్ని అవసరమైతే వాటిని కూడా ఆప్ట్ వెదకి తెస్తుంది. తెచ్చే ముందు ఏమేమి వస్తున్నవి, ఏమేమి పోతున్నవి, డిస్కులో ఎంత చోటు పడుతుంది అని పట్టిక చూపి అనుమతి కోరుతుంది. ఆ పట్టికను చదవకుండా సరే అనటం చదవని కాగితంమీద వ్రాలు చేయటం వంటిదే. ముఖ్యంగా పోయేవాటి జాబితాను చదవాలి. ఈ పనులన్నీ సర్వాధికారంతో జరిగేవి గనుక ఆ ఒక్క ఆజ్ఞకు మాత్రమే అధికారాన్ని అరువిచ్చే ఎస్, యు, డి, ఓ అనే పరికరాన్ని వాడుతారు. పని ముగిసిన తరువాత మళ్లీ సామాన్యుడుగా ఉండటమే క్షేమం.

భాండాగారం నుంచి వచ్చే సరుకుకు ముద్ర ఉంటుంది. దారిలో ఎవరూ మార్చలేదని ఆప్ట్ ఆ ముద్రను పరీక్షించి నిర్ధారిస్తుంది. ఇది గొప్ప రక్ష. కాని ముద్ర చెప్పేది సరుకు ఎక్కడినుంచి వచ్చిందనే మాట మాత్రమే. పండించినవాడి మనసులో ఏమున్నదో ముద్రకు తెలియదు. ఈ సూక్ష్మాన్ని 2024లో ప్రపంచమంతా తెలుసుకున్నది. ఆ వృత్తాంతం వినదగినది.

ఎక్స్‌జడ్ అనేది దస్త్రాలను కుదించి చిన్నవిగా చేసే ప్రోగ్రాము. అసంఖ్యాకమైన లైనక్స్ యంత్రాలలో అది ఉన్నది. లాసే కాలిన్ అనే ఫిన్లండ్ దేశీయుడు ఏండ్ల తరబడి జీతం భత్యం లేకుండా దాని బాగోగులు చూస్తూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు 2021 నుంచి ఆ పనిలో సాయం చేయటం మొదలుపెట్టారు. ఓపికగా, సౌమ్యంగా, పనికివచ్చే మార్పులు చేస్తూ నమ్మకం సంపాదించి, క్రమంగా కొత్త సంచికలను వెలువరించే బాధ్యతను కూడా చేపట్టారు. 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 అనే సంచికలు ఆ చేతిమీదుగా వెలువడ్డవి. వాటిలో, పరీక్షల కోసం ఉంచినట్లు కనబడే దస్త్రాల చాటున, ఒక దొడ్డిదారి దాగి ఉన్నది. దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశించేవారిని పరీక్షించే ద్వారపాలకుని కన్నుగప్పి, రహస్యపు తాళపుచెవి కలిగినవారికి తలుపు తెరిచే ఏర్పాటది. వెలువరించినవారే వెలువరించారు, ముద్రలన్నీ సక్రమంగానే ఉన్నవి. ఆ సంచికలు డెబియన్, ఫెడోరాల ప్రయోగదశలో ఉన్న శాఖలలోకి ప్రవేశించినవి. మరికొన్నాళ్లు గడిస్తే సామాన్యజనం వాడే స్థిరశాఖలలోకి కూడా ప్రవేశించి ఉండేవే.

దానిని పట్టినది ఏ కాపలా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. మైక్రోసాఫ్ట్ సంస్థలో ఉద్యోగి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు నిర్మాతలలో ఒకడు. తన ప్రోగ్రాము వేగాన్ని సూక్ష్మంగా కొలవదలచి, యంత్రంలోని ఇతర పనులన్నింటినీ నిశ్శబ్దం చేసే ప్రయత్నంలో ఉన్నాడు. అప్పుడు ఒక వింత ఆయన కంటబడింది. తప్పుడు పేర్లతో లోపలికి రావాలని ఎవరో బయటివారు చేసే ప్రయత్నాలు క్షణంలో విఫలమవుతున్నవి. అది మామూలే. కాని ఆ విఫల ప్రయత్నాలకు జవాబిచ్చే ద్వారపాలక ప్రాసెస్‌లు ఉండవలసినదానికంటె ఎక్కువగా గణనశక్తిని వాడుతున్నవి. కొలిచి చూశాడు. అంతకుముందు 0.299 సెకండ్లు పట్టిన పని ఇప్పుడు 0.807 సెకండ్లు పడుతున్నది. తేడా అర సెకండు!

అర సెకండు ఎవరికి కావాలి? కన్ను రెప్పపాటు కంటె కొంచెం హెచ్చు. మరొకరైతే యంత్రం పాతబడిందని సరిపెట్టుకునేవారు. ఫ్రాయిండ్ సరిపెట్టుకోలేదు. ఆ అర సెకండు ఎవరి ఖాతాలో పడుతున్నదని ప్రాసెస్ లోపలికి చూశాడు. ద్వారపాలకునితో ఏ సంబంధమూ ఉండనవసరంలేని కుదింపు ప్రోగ్రాము భాగంలో ఆ కాలం ఖర్చవుతున్నదని తేలింది. దారం పట్టుకుని పోగా దొడ్డిదారి బయటపడింది. 2024 మార్చి 29న ఆ సంగతిని లోకానికి వెల్లడించాడు. ఆ దోషం తీవ్రతకు 10కి 10 మార్కులు వేశారు. సంస్థలు వెంటనే పాత సంచికకు మరలినవి. డెబియన్‌వారు సరిదిద్ది పంపిన సరుకు పేరులో, చూడటానికి 5.6.1 అయినా నిజానికి 5.4.5 అని తెలిసేలా ఒక మాట చేర్చారు. కొత్త సంఖ్యను చూస్తే తప్ప ఆప్ట్ పాతదానిని మార్చదు గనుక ఆ ఏర్పాటు. ఆ పరికరంతోనే యజమానులందరూ తమ యంత్రాలను శుభ్రపరచుకున్నారు. జియా టాన్ అనే పేరు వెనుక ఉన్న మనిషి ఎవరో, ఎందరో నేటికీ బయటపడలేదు.

ఈ వృత్తాంతంలో మూడు లెక్కలూ కలిసినవి గమనించండి. ప్రాసెస్‌ను చూచినందువల్ల అనుమానం పుట్టింది. వనరు ఖర్చును కొలిచినందువల్ల అనుమానం రుజువైంది. ప్రోగ్రాముల పట్టిక చేతిలో ఉన్నందువల్ల దోషం తొలగింది. ఆ ఇంజనీరుకు దివ్యదృష్టి ఉన్నదని కాదు. తన యంత్రం మామూలుగా ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. మామూలు తెలిసినవాడికే మారినది కనబడుతుంది. రోజూ పాలు కొలిచే ఇల్లాలికి కొలత తగ్గితే గిన్నెలోకి చూడగానే తెలుస్తుంది. ఎన్నడూ కొలవనివారికి సగం నీళ్లు కలిపినా తెలియదు.

కనుక లైనక్స్ యంత్రం ఇంట ఉన్నవారికి నేను చేసే సూచన పెద్దదేమీ కాదు. యంత్రం ఆరోగ్యంగా ఉన్న రోజుననే, తీరిక చూచుకుని, టాప్ తెరచి అయిదు నిమిషాలు చూడండి. మామూలుగా ఎవరెవరు పనిచేస్తున్నారో, భారం ఎంత ఉంటున్నదో, జ్ఞాపకశక్తిలో ఎంత లభ్యంగా ఉన్నదో, డిస్కు ఎంత నిండి ఉన్నదో ఒక పుస్తకంలో వ్రాసిపెట్టండి. వారానికి ఒకసారి అప్‌డేట్, అపగ్రేడ్ అనే రెండు పనులూ ఆ వరుసలోనే చేయండి. పట్టిక చదివి అనుమతి ఇవ్వండి. ఏదైనా ప్రాసెస్ మొండికెత్తితే మొదట దాని పేరు, దాని తల్లి పేరు తెలుసుకోండి. మర్యాద నేర్పి చూడండి. 15 పంపి వేచి ఉండండి. 9ని చిట్టచివరకు ఉంచుకోండి. చూడటానికి సర్వాధికారం అక్కరలేదు. ఈ పరికరాలలో చూచేవాటిని వాడటంవల్ల ఏదీ చెడదు. అందుచేత పిల్లలను కూడా ప్రక్కన కూర్చోబెట్టుకుని నిర్భయంగా చూపవచ్చు.

యంత్రాలు మనకంటె వేగంగా లెక్కలు కట్టగలవు. ఏ లెక్క ఎవరికోసం జరుగుతున్నదని అడగవలసినది మాత్రం మనమే. ఆ ప్రశ్న అడిగే యజమాని ఉన్నంతకాలమే ఆ యంత్రం ఆ ఇంటిది. అడగటం మానివేసిననాడు అది ఆ ఇంట ఉన్న ఇతరుల సొత్తు అవుతుంది. అర సెకండు తేడాకు అదేమిటని అడిగిన ఒక్క మనిషి ఎన్ని ఇండ్ల తలుపులు కాపాడాడో విన్నారు గదా! మన ఇంటి తలుపు మట్టుకు మనం కాపాడుకోవటానికి ఆ పాటి శ్రద్ధలో పదవ వంతు చాలు.